పద్నాలుగో పేజీ

2013లో నేను విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్‌గా పనిచేసేవాణ్ని. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా పూర్తయి అప్పటికి మూడేళ్లు. నెలలో మూడు వారాలు పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు. నాలుగో వారం మాత్రం వేరే పని. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన నడిపే సాహిత్య మాసపత్రిక మా దగ్గరే తయారయ్యేది. ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్లం. ఉత్తరాంధ్ర రచయితల కథలు, వ్యాసాలు పోస్టులో వచ్చేవి. చాలావరకు చేతిరాతే. మాస్టారు ఎంచి ఇచ్చినవి నేను టైపు చేసి, పేజీలు కట్టి, అచ్చు ప్లేట్లు చేయడానికి పంపేవాణ్ని.

పేజీలు కట్టడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పెద్ద కాగితానికి రెండువైపులా అచ్చువేసి మడిస్తే పదహారు పేజీలొస్తాయి. దాన్ని ఫారం అంటారు. మా పత్రిక మూడు ఫారాలు, అంటే నలభై ఎనిమిది పేజీలు. నలభై తొమ్మిదో పేజీ అనేది ఉండదు. రాసినవాళ్లు ఎంత రాసినా చివరికి ఆ నలభై ఎనిమిదిలో సర్దాలి.

సర్దడానికి నేనొక వరస పెట్టుకున్నాను. మొదట రచయిత ఫొటో చిన్నది చేయాలి. చాలకపోతే లీడింగ్, అంటే వరసకూ వరసకూ మధ్య ఖాళీ, కొద్దిగా తగ్గించాలి. అదీ చాలకపోతే ఉపశీర్షికలు తీసేయాలి. నాలుగోది మాస్టారు నేర్పింది. "వ్యాసం రాసేవాడు చెప్పాల్సింది చెప్పేశాక కూడా లేవడయ్యా. చివర ఒక పేరా నీతి చెప్పి గానీ వదలడు. అది తీసెయ్, వ్యాసం బాగుపడుతుంది" అనేవారు. నిజంగానే బాగుపడేవి. రెండేళ్లలో ఒక్క రచయితా ఫిర్యాదు చేయలేదు. ముగింపు భలే ఉందని పాఠకులు రాసిన ఉత్తరాలు చూసి ఒకరిద్దరు సంతోషించారు కూడా.

ఆ ఏడు వానలు మొదలయ్యే నెలలో శ్రీకాకుళం వైపు ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఒక వ్యాసం వచ్చింది. రాసినావిడ పేరు నూకరత్నం. ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్. గీతల కాగితం మీద నీలం సిరాతో పద్నాలుగు పేజీలు, ప్రతి పేజీకీ పైన అంకె. ఆవిడ మొదటి రచన అది. మాస్టారు చదివి, ఒక్క మాట కూడా దిద్దకుండా నాకిచ్చి, కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్లిపోయారు.

వ్యాసమంతా టైపు చేసింది నేనే. కానీ ఏముందని ఆ రోజు ఎవరైనా అడిగుంటే చెప్పలేకపోయేవాణ్ని. టైపు చేసేవాడి కన్ను అక్షరం మీద ఉంటుంది, విషయం మీద ఉండదు. ముఖ్యంగా వేగంగా చేసేవాడికి. నేను వేగంగా చేసేవాణ్ని.

ప్లేట్లు వెళ్లాల్సిన రోజు మధ్యాహ్నం ఒక బంగారం కొట్టు నుంచి అరపేజీ ప్రకటన వచ్చింది. మాస్టారు ముందే ఒప్పుకున్నారట. నాకు చెప్పడం మరిచారు. అరపేజీ అంటే సుమారు ఇరవై వరసలు. మిగతా ఫారాలు అప్పటికే మెషీన్ ఎక్కాయి. చేతిలో ఉన్న ఫారంలో కాస్త వదులుగా ఉన్నది నూకరత్నం వ్యాసం చివరి పేజీ ఒక్కటే. ఫొటో ఆవిడ పంపలేదు. లీడింగ్ తగ్గించాను, చాల్లేదు. ఉపశీర్షికలు లేవు. ఇక నాలుగోది. చివరి పేరా చూశాను. "ఇదంతా ఎందుకు రాశానంటే" అని మొదలైంది. ఆ మొదలు చూడగానే నీతి పేరా అని నిర్ణయించుకున్నాను. మాస్టారికి ఫోన్ చేశాను, స్విచ్చాఫ్. పేరా తీసేశాను. దానికి ముందున్న వాక్యం ఇది: "ఆ వాటా ఆయన ఎందుకు పెడుతున్నాడో ఆ రోజు నాకు అర్థమైంది." మంచి ముగింపు అనిపించింది. పాఠకుడికి కొంత వదిలేసినట్టుంది. తృప్తిగా ప్లేట్లకి పంపాను.

పత్రిక పోస్టయిన వారానికి ఆవిడ ప్రెస్సుకొచ్చింది. ముప్పై దాటిన మనిషి. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి పత్రిక తీసి, తన వ్యాసం చివరి పేజీ తెరిచి నా కీబోర్డు మీద పెట్టింది. కోపంగా లేదు. ఏదో ఆఫీసులో దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాళ్లలా అడిగింది.

"పద్నాలుగు పేజీలు పంపేను తమ్ముడూ. అచ్చులో పదమూడే ఉన్నాయి. నా పద్నాలుగో పేజీ ఏదీ?"

స్థలం చాలక చివరి పేరా తీశామని, పత్రికల్లో మామూలేనని, భావం మారకుండా చూశామని చెప్పాను. ఆఖరి మాట పచ్చి అబద్ధమని నాకు అప్పటికి తెలియదు.

"ఓపాలి కూకుని సదువు" అంది. "మొదట్నించి."

చదివాను. ఆవిడ ఎదురుగా స్టూల్ మీద కూర్చుని ఉంటే, నేనే టైపు చేసిన వ్యాసాన్ని మొదటిసారి చదివాను.

ఇరవై ఏళ్ల కిందట వాళ్ల నాన్న, చిన్నాన్న దానయ్య ఒకే తెప్ప మీద వేటకెళ్లారు. గాలికి తెప్ప కట్లు తెగి దుంగలు విడిపోయాయి. దానయ్య ఒక్కడే ఒడ్డుకొచ్చాడు. తన ప్రాణం కోసం అన్నని వదిలేశాడని ఊళ్లో మాట పుట్టింది. దానయ్య అవుననలేదు, కాదనలేదు. వేట నుంచి వచ్చాక చేపలు వాటాలు వేసుకునేటప్పుడు, సముద్రంలో పోయినవాడి ఇంటికీ కొన్నాళ్లు ఒక వాటా తీయడం ఆ ఊళ్లో ఆనవాయితీ. దానయ్య కొన్నాళ్లు కాదు, ఇరవై ఏళ్లూ తీశాడు. తప్పు చేసినవాడు గనకే తీస్తున్నాడని ఊరు అనుకుంది. నూకరత్నం అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ చేపలు ముట్టలేదు. చిన్నప్పుడు నూకరత్నం వాటిని గుమ్మంలోంచి ఇసకలోకి విసిరేసేది. ఇదంతా రాసి, పోయిన ఏడాది చిన్నమ్మ, అంటే దానయ్య భార్య, ఆసుపత్రి మంచం మీద తనకొక సంగతి చెప్పిందని రాసి, "ఆ వాటా ఆయన ఎందుకు పెడుతున్నాడో ఆ రోజు నాకు అర్థమైంది" అంది. పదమూడు పేజీలు అక్కడితో అయిపోయాయి. అక్కడ ఆపితే ఊరన్నదే నిజమని ఆవిడ కూడా ఒప్పుకున్నట్టుంది.

చిన్నమ్మ చెప్పిన సంగతి పద్నాలుగో పేజీలో ఉంది. వదిలేసింది దానయ్య కాదు. భుజం విరిగిన అన్న, తనను మోస్తూ తమ్ముడు కూడా మునిగిపోతాడని, "నువ్వు పో, పిల్లల్ని చూసుకో" అని చెప్పి చేయి విడిపించుకున్నాడు. అది చెప్పడానికే ఆవిడ మిగతా పదమూడు పేజీలూ రాసింది.

నా కోత చేసిన నష్టం కాగితం మీదే ఆగలేదు. మేం పంపిన కాంప్లిమెంటరీ కాపీని, అంటే రచయితకి ఇచ్చే ఉచిత ప్రతిని, ఆవిడ విప్పి చూసుకోలేదట. తాను చదివితే ఇంటి మనిషి మాటగా ఉంటుందని, ఊళ్లో ఉన్న స్కూలు మాస్టారికిచ్చి, వలలు బాగుచేసుకునే పాకలో అందరి ముందూ చదివించింది. దానయ్యని తనే చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. స్కూలు మాస్టారు ఆ వాక్యం చదివి పత్రిక మూసేశారు. ఇంకా ఉందని ఆవిడ అంది. అచ్చులో లేదమ్మా అన్నారాయన. దానయ్య లేచి ఇంటికెళ్లిపోయాడు. అప్పట్నించి నాలుగు రోజులుగా ఒడ్డుకి రావడం లేదు. కూడు సరిగా తినడం లేదు.

"ఇన్నాళ్లూ ఆ మాట ఊరే అనీది" అంది. "ఇప్పుడు నేను రాసి అచ్చేయించినట్టు అయిపోనాది."

మాస్టారు ఆపరేషన్ చేయించుకుని అప్పటికే తిరిగొచ్చి ఉన్నారు. ఆవిణ్ని ఆయన ఇంటికి తీసుకెళ్లాను. పచ్చటి కంటి కవచం పెట్టుకుని మంచం మీదున్న ఆయన అంతా విని, కోయమని నేర్పింది తనేనన్నారు. వచ్చే సంచికలో చివరి భాగం వేసి, క్షమాపణ రాస్తానన్నారు. పత్రికలో అంతకు మించి చేయగలిగేది లేదు.

"ఒచ్చే నెల దాకా ఆయన ఉండాల గదండీ" అంది నూకరత్నం.

పోనీ, ఇప్పుడే పత్రికలో ఉన్నట్టే పేజీ కట్టి ప్రింటు తీసిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. చిన్నాన్న పరిస్థితి చూసి మాట మార్చేసిందని, కంప్యూటర్ కొట్లో కొట్టించుకొచ్చిందని అంటారట. మరేం చేయమంటావని మాస్టారు అడిగితే నావైపు చూపించింది. "కోసినోడొచ్చి సెప్తే నమ్ముతారు."

మర్నాడు ఉదయం శ్రీకాకుళం బస్సెక్కి ఎచ్చెర్లలో దిగి ఆటో పట్టుకున్నాను. సంచిలో ఆవిడ చేతిరాత పద్నాలుగు పేజీలు. ఫారం, ప్రకటన, స్థలం, ఫోన్ కలవకపోవడం అని చెప్పాల్సిన నాలుగు పాయింట్లు దారిలో వరసగా పెట్టుకున్నాను. పాకలో పది పన్నెండు మంది వలల మీద వంగి ఉన్నారు. నూకరత్నం నన్ను చూపించి, ఈయనే అంది. నా పాయింట్లు మొదలుపెట్టాను. ఫారం అంటే ఏమిటో చెప్తుండగానే వాళ్లలో పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. పత్రిక అతని పక్కనే ఉంది. అదే పేజీ తెరిచాడు.

"సోటు నేదంటన్నావు. మరి ఈ హారానికి సోటెలాగొచ్చిందిరా బాబూ?"

ఎవరో నవ్వారు. ఆ హారం బొమ్మ నిజంగానే పెద్దది. ఉన్న సంగతి చెప్పాను. చదవకుండా కోశాను, చదివుంటే కోసేవాణ్ని కాదు, ఇందులో ఆవిడ తప్పు లేదు.

పెద్దాయన పాకకి ఎదురుగా పది అడుగుల్లో ఉన్న ఇంటివైపు గడ్డం తిప్పాడు. "దానయ్య ఒచ్చీటట్టు లేడు. నువ్వు గట్టిగా సదువు. తలుపు తీసే ఉన్నాది."

పద్నాలుగో పేజీ చదివాను. నేను పైకి చదవడం బడి తర్వాత అదే మొదలు. "నువ్వు పో, పిల్లల్ని చూసుకో" అన్న చోట వల అల్లే చేతులు ఆగిపోయాయి.

కాసేపటికి ఆ ఇంట్లోంచి దానయ్య వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు. నన్ను చూడలేదు. నేరుగా నూకరత్నం ముందు నిలబడ్డాడు.

"గుంటా, ఒక్క మాట తప్పు రాసేవు."

"ఏటి సిన్నాన్నా?"

"మీ నాయన నన్ను పొమ్మన్నేదు. ఏటీ అన్నేదు. నా మొకం సూసి సెయ్యి ఒదిలేసేడు. అంతే." తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "పొమ్మన్నాడని మీ పిన్నికి నేనే సెప్పేను. ఏటీ అనకుండా ఎలిపోనాడంటే మీ పిన్ని తట్టుకోలేదని."

నూకరత్నం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన పక్కకి జరిగి, వల కొస ఒకటి దానయ్య వైపు తోశాడు. "కూకో. ఇదిలాగ పట్టు" అన్నాడు. దానయ్య కూర్చున్నాడు. కాసేపటికి వాళ్ల మాటలు వల కళ్ల సైజు గురించి, గాలి గురించి నడిచాయి. నాకు టీ ఇచ్చారు. ఆ హారం ఏ కొట్టుదని ఇద్దరు అడిగారు.

తర్వాతి సంచికలో పద్నాలుగో పేజీ వేశాం. వేసే ముందు నూకరత్నం ఒక వాక్యం మార్చి పంపింది. పొమ్మన్నాడన్న చోట, ఏమీ అనకుండా చేయి వదిలేశాడని రాసింది. వ్యాసానికి ముందు రాసిన వాక్యమే బలమని మాస్టారు ఫోన్లో అన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు. ఆయన బలవంతపెట్టలేదు. అక్షరం మారకుండా ఆవిడ రాసినట్టే టైపు చేశాను.

తర్వాత నేను చాలా పత్రికలకి, పుస్తకాలకి పేజీలు కట్టాను. కోత ఇప్పటికీ తప్పదు. స్థలం ఎప్పుడూ చాలదు. పేరా మొదటి మాట చూసి అందులో ఏముందో తెలుసనుకోవడం మాత్రం మానేశాను. ఎంత తొందరున్నా, కోసే ముందు వ్యాసం మొత్తం ఒకసారి పైకి చదువుతాను. అందులో ఉన్న మనుషుల్లో ఎవరో ఒకరు తలుపు తీసి పెట్టుకుని వింటున్నారనుకుని చదువుతాను. ఒక్కో సంచికకి దాదాపు ఒక పూట ఎక్కువ పడుతుంది. పని ఒప్పుకునేటప్పుడే ఆ పూట కూడా గడువులో కలిపి చెప్తున్నాను.