గంజి పట్టిన ఫ్రేము

ఆటోనగర్‌లో నా లేత్ షెడ్డు పక్కదే దుర్గాశంకర్ షెడ్డు. మంగళగిరి నేతపని కుటుంబం వాళ్లది. మగ్గం వదిలేసి, కార్బన్ గుడ్డతో సైకిల్ ఫ్రేములు చేసి సొంత బ్రాండు పెడతానంటే నాకు ఒళ్లు మండింది. గుడ్డతో సైకిలేమిటయ్యా, చొక్కా కుట్టించుకో అన్నాను. ఆ నల్లగుడ్డను పొరలు పొరలుగా అచ్చులో పరిచి, జిగురు పట్టించి కాలిస్తే ఇనుములా బిగుసుకుంటుందట. మొదటి ఫ్రేము తయారయ్యాక చిటికెన వేలితో ఎత్తి చూసి నోరు మూసుకున్నాను.

గుడ్డ కత్తిరించేది వాళ్లమ్మ నాగమల్లేశ్వరి గారు. ఆవిడ కత్తెర పెడితే అంచు వంకర పోదు.

ఆ మొదటి ఫ్రేముతో బిగించిన సైకిలును డయానా అనే నర్సు కొన్నది. శనివారం సాయంత్రం సైకిలు తీసుకెళ్లి, మాకు ముందే చెప్పినట్టు ఆదివారం పొద్దున్నే దాని మీదే కరకట్ట మీదుగా చల్లపల్లిలో చర్చికి బయల్దేరింది.

అదే పొద్దున దుర్గాశంకర్ రెండో ఫ్రేమును నునుపు చేస్తుంటే, గొట్టాలు కలిసేచోట ఒక పొర ఉల్లిపొరలా లేచి వచ్చింది. అతను ఫ్రేము పక్కన పెట్టి వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, గుడ్డకేమన్నా రాశావా?"

"కోసినచోటల్లా పోగులు ఊడిపోతన్నాయిరా. అంచులకి పల్చగా గంజి పెట్టా. మగ్గం మీద పడుగు దారాలకి పెట్టమూ, అట్టాగే."

"మొదటిదానిక్కూడానా?"

"దానికి ఇంకా శ్రద్ధగా పెట్టా. మొదటిది గదా."

గంజి ఉన్నచోట జిగురు పట్టదు. డయానాకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. నా స్కూటర్ తీశాను. కరకట్ట రోడ్డు పట్టాం. వెనక కూర్చుని అతను నా చొక్కా పట్టుకున్న పట్టుకు గుండీ తెగింది.

"అన్నా, విరగడానికి ఒక్క గుంట చాలన్నా" అన్నాడు.

"నోర్ముయ్" అని కసిరాను. స్కూటర్‌ని ఇంకాస్త వేగంగా పోనిచ్చాను. ఒకచోట రోడ్డు మీద జనం గుమిగూడి కనిపించారు. దగ్గరికెళ్తే అరటిగెలల ట్రాక్టరు దిగబడి ఉంది. నాకు వాళ్లందరినీ తిట్టాలనిపించింది.

తోట్లవల్లూరు దాటాక దూరంగా పసుపు హెల్మెట్ కనిపించింది. దుర్గాశంకర్ అరవబోతే ఆపాను. ఆమె అదిరిపడి ఒక్కసారిగా బ్రేకు వేస్తే అక్కడే విరగొచ్చు. మెల్లగా పక్కకు వెళ్లి చెయ్యి ఊపాం. ఆమె నవ్వుతూ నెమ్మదిగా ఆగింది.

"సర్వీసింగని చెప్పు, చాలు" అని అతని చెవిలో గొణిగాను.

వాడు వింటేగా! "దిగండి డయానా గారూ. ఇది విరిగిపోద్దండి. తప్పు మాదేనండి" అన్నాడు.

ఆమె నమ్మలేదు. అతను గోరు పెట్టి గీరితే పొర లేచింది. ఆమె దానివంక చూసి రోడ్డు పక్కన కూలబడింది.

"ఇందాక కట్ట దిగేచోట చేతులు వదిలేసి తొక్కానండీ" అంది. "అంత బాగుందని."

దుర్గాశంకర్ రోడ్డు మీదే ఏడ్చేశాడు.

ఇప్పుడు ప్రతి ఫ్రేమునూ అమ్మేముందు కొన్నాళ్లు తనే తొక్కుతాడు. గుంటలున్న రోడ్లు వెతుక్కుని మరీ వెళ్తాడు. అతను తిరిగొచ్చేదాకా నాగమల్లేశ్వరి గారు షెడ్డు గుమ్మంలోనే కూర్చుంటారు. అన్నం తినండమ్మా అంటే, "వాణ్ణి రానీ నాయనా" అంటారు.