మామయ్య బిగించిన ముందు చక్రం

మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరబోతుంటే నా భార్య ఫోను మోగింది. మొఘల్‌పురా నుంచి ఆమె తమ్ముడు. విన్న మనిషి ఫోను నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "బావా, బాపు పోయిండు" అన్నాడతను. దుకాణానికి వెళ్లడానికి చొక్కా తొడుక్కుంటూ మంచం మీద కూర్చున్నారట. మళ్లీ లేవలేదట.

జల్‌పల్లి నుంచి ఆటోలో వెళ్లాం. నా బండి వాకిట్లోనే ఉంది. మొన్న ఆదివారమే మామయ్య తన చేతులతో దానికి ముందు టైరు మార్చారు. దాన్ని తీయడానికి నాకు చేతులు రాలేదు.

మామయ్య మెకానిక్ కాదు. తాతల నాటి నుంచి వాళ్లది ఇత్తడి, స్టీలు సామాన్ల టోకు వ్యాపారం. అయినా ఇంట్లో ఎవరి బండికైనా టైరు అరిగిందంటే బయట వేయించడం ఆయనకు ఇష్టముండదు. ఆ అలవాటు ఎలా మొదలైందో ఆయనే చెప్పేవారు. ఎప్పుడో కర్ఫ్యూ రోజుల్లో బండి టైరు చిరిగిపోయిందట. పంక్చరు దుకాణాలన్నీ మూత. పక్కింటి భాయ్ గోడ మీది నుంచి ఒక పాత టైరూ, టైరు ఊడదీసే రెండు ఇనుప పట్టీలూ అందించి, తానూ గోడ దూకి వచ్చాడట. ఇద్దరికీ పని రాదు. పొద్దంతా కుస్తీ పడి, వేళ్లు నలగ్గొట్టుకుని, చివరికి ఎక్కించారట. కర్ఫ్యూ సడలించాక ఆ బండి మీద ఇద్దరూ కలిసి పాలకు వెళ్లారట. "గా దినం నుంచి ఈ పని ఇంకొకని చేతిల పెట్టబుద్ధి కాదు" అనేవారు మామయ్య.

నాది కోస్తా. ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, పెళ్లితో పాతబస్తీ అల్లుణ్ణయ్యాను. పెళ్లయిన కొత్తలో ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్తే, నా బండి కాస్త వేగం అందుకోగానే హ్యాండిల్ వణుకుతోందని మాటల్లో అన్నాను. భోజనం కాగానే ఆయన లుంగీ పైకి కట్టి, వాకిట్లో గోనెసంచి పరిచి, ముందు చక్రం ఊడదీసేశారు. సాయం చేద్దామని నేనూ వంగి ఒక పట్టీ అందుకున్నాను. నెమ్మదిగా నా చేతిలోంచి తీసేసుకున్నారు.

"అల్లుడా, నువ్వు కుర్సీల కూసో. చేతులు ఖరాబైతయి."

కూర్చున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి కూర్చుంటూనే ఉన్నాను. నేను కుర్చీలో, ఆయన నేల మీద పీట వేసుకుని. అత్తమ్మ తెచ్చే చాయ్ ముందు నాకు. అల్లుడి మర్యాద అని సర్దిచెప్పుకునేవాణ్ణి. నిజానికి అలా కూర్చోవడం నాకు హాయిగా ఉండేది.

చూసి చూసి పనంతా నాకు నోటికి వచ్చేసింది. గాలి తీసేసి, చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, టైరు అంచు మీద ఇంకో బండి సైడ్ స్టాండు మోపి ఆ బండి బరువంతా దాని మీద వేసేవారు. రిమ్మును పట్టుకున్న అంచు ఒక్కసారిగా వదిలేది. ఆ అంచును బీడు అనేవారు. దాని చుట్టూ సబ్బునీళ్లు రాసి, రిమ్ము గీరుకుపోకుండా గుడ్డ చుట్టిన పట్టీలతో కొద్దికొద్దిగా పైకి లేపేవారు. లోపల ట్యూబు పెట్టి కొత్తది ఎక్కించి గాలి పట్టాక, రెండు వైపులా అంచు మీద వేలు పెట్టి చుట్టూ తడిమేవారు. "గాలి ఎవలైన కొడ్తరు. బీడు సక్కగ కూసున్నదా లేదా, అది సూడాలె."

నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ తర్వాత చక్రం బరువు సరిచూసే పని. ఇరుసును చక్రంలోకి దూర్చి, సమానమైన ఎత్తున్న రెండు స్టూళ్ల మీద ఆనించి, చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి వదిలేవారు. అది తిరిగి తిరిగి ఆగినప్పుడు బరువెక్కువున్న చోటు కిందికి వస్తుంది. దానికి సరిగ్గా ఎదురుగా సుద్దతో గీత గీసి, అక్కడి స్పోకు పుల్లకు సీసం తీగ చుట్టేవారు. మళ్లీ తిప్పేవారు. ఇంకాస్త చుట్టేవారు, కొంచెం కత్తిరించేవారు. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడేదాకా అదే పని. నేను గడియారం చూస్తే ఆయనకు తెలిసిపోయేది. "తొందరున్నోనికి ఆటో ఉన్నది" అని నవ్వేవారు.

ఆయన పొరపాట్లు చేయని మనిషని నేననను. ఒకసారి టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు వెనక్కి ఉండేలా ఎక్కించారు. నా భార్య చూసి చెబితే, బాణం కంపెనీవాళ్ల సోకు అని కొట్టిపారేశారు. కొన్నాళ్ల తర్వాత ఎవరూ అడగకుండానే విప్పి తిరగేసి వేసి, మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

చివరి ఆదివారానికి వస్తాను. వానలు మొదలయ్యాయి, నా రెండు టైర్లూ నున్నగా అరిగిపోయాయి. కొత్తవి కొనుక్కుని నేరుగా ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కొన్నచోటే వేయించుకోవచ్చు. అలా చేస్తే ఆయన నొచ్చుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను.

ముందు టైరు సగం పనిలో ఉండగా ఆయన పట్టీ కింద పెట్టి, టైరు మీద చెయ్యి ఆనించి కాసేపు గేటు వైపు చూస్తూ ఉండిపోయారు. బనియను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఏమైంది మామయ్యగారూ అని అడిగాను. ఉక్కపోత అన్నారు. నిజంగానే ఆ రోజు ఉక్కగా ఉంది. నేను మళ్లీ ఫోన్లోకి తల దించాను. ముందు చక్రం బిగించి, చేతులు తుడుచుకుంటూ, "ఎనక టైరు వచ్చే ఐతారం" అన్నారు. మొదలుపెట్టిన పని ఆయన సగంలో వదలడం నేనెన్నడూ చూడలేదు. ఆ మాట నన్ను ఆపాల్సింది. కానీ త్వరగా ఇంటికి పోవచ్చని నాకు లోపల కాస్త సంతోషమే వేసింది. ఆ సంతోషమే ఇప్పుడు ముల్లులా గుచ్చుతోంది.

ఆయన పోయాక పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. మనిషి ఎంత గట్టిగా ఉండేవాడు, మొన్న ఐతారం కూడా అల్లుని బండికి టైరు మార్చిండు అని. వాళ్లు మెచ్చుకోలుగా అన్నదే. విన్నప్పుడల్లా నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ణి.

కర్మలన్నీ అయ్యాక కూడా బండి తీయలేదు. బస్సుల్లో, ఆటోల్లో తిరిగాను. ఒక ఆదివారం ఒక్కణ్ణే మొఘల్‌పురా వెళ్లాను. అత్తమ్మ వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బండి మీద రాలేదేమని అడిగింది. ఏదో అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయాను. ఆ రోజు మామయ్యకు బాగోలేదని చూసి కూడా ఊరుకున్నానని, ఆ పనే ఆయన్ను తీసుకుపోయిందేమోనని చెప్పేశాను.

ఆమె చాటను పక్కన పెట్టింది.

"నాకు ఎరుకనే బిడ్డా. పొద్దుగాలనే ఛాతీల బరువుగున్నదన్నడు. దవాఖానకు పోదాం పా అన్న. అల్లుడు వస్తుండు, టైర్ల పని కానీ, రేపు పోదామన్నడు."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె మళ్లీ చాట వైపు చూస్తూ అంది.

"సోమవారం అడిగితె తక్కువైందన్నడు. నేను గట్టిగ పట్టు పట్టకపోతి. నువ్వొచ్చినప్పుడు నీ చెవిల ఒక్క మాట ఏసినా అయిపోతుండె. నీ ముందట చెప్తె ఆయనకు నామోషీ అనుకున్న. ఇగ నిన్నేమనాలె, నన్నేమనాలె?"

నీ తప్పు లేదని ఆమె నాతో అనలేదు. నేనూ ఆమెతో అనలేకపోయాను. ఒకే బరువును చెరో వైపు పట్టుకున్నట్టు కూర్చున్నాం. చివరికి ఆమే లేచి, నువ్వు తెచ్చిన వెనక టైరు మెట్ల కింద ఉన్నది, బండి తీసుకొచ్చి వేసుకో అంది. వేరేవాళ్ల చేత వేయించనా అని అడిగాను. "నువ్వే ఎయ్యి" అంది.

జల్‌పల్లి వెళ్లి బండి తెచ్చాను. నోటికి వచ్చిన పని చేతికి రాలేదు. స్టాండు జారింది, పట్టీ ఎగిరి మోకాలికి తగిలింది. ఎలాగో ఎక్కించి గాలి కొడితే బుస్సుమని మొత్తం పోయింది. లోపల ట్యూబును పట్టీతో నొక్కి చించేశాను. తలపట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొత్త ట్యూబు కొనుక్కొచ్చి, దానికి ముందే కాస్త గాలి పట్టించి పెట్టమంది, అప్పుడు మడత పడదంది. ఇన్నేళ్లూ చాయ్ తెస్తూ పోతూ ఆమె కూడా చూస్తూనే ఉందన్నమాట. రెండోసారి ఆమె రిమ్మును గట్టిగా అదిమి పట్టుకుంది, నేను అంచును లోపలికి తోశాను. సీసం తీగ ఎంత చుట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు. మామయ్య చుట్టిన ముందు చక్రాన్ని చూసి చుట్టాం. పూర్తిగా కుదిరిందని చెప్పను. పర్వాలేదు.

సాయంత్రమవుతోంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తమ్మ చీర మార్చుకుని, దుకాణం తాళంచెవులు కొంగుకు ముడేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆయన పోయిన తర్వాత ఆమె గడప దాటడం అదే మొదటిసారి. దుకాణం దాకా తీసుకుపొమ్మంది. వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుంది.

సన్నగా తుప్పర పడుతోంది. రోడ్డంతా గుంతలు, నీళ్లు. నేను ఎన్నడూ నడపనంత నెమ్మదిగా నడిపాను. వెనక నుంచి హారన్లు మోగించి తిట్టుకుంటూ జనం దాటిపోతున్నారు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, వానకు ముఖం తిప్పుకోకుండా కూర్చుంది. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. గుంత వచ్చినా, మలుపు వచ్చినా ఆ వేళ్లు బిగుసుకోలేదు.