నర్సింగ్ పాటలో ఆమె

నర్సింగ్‌కు జపాన్‌లో ఒకామె ఉందని శంషాబాద్ క్యాబు డ్రైవర్లంతా చెప్పుకుంటారు. పొద్దున్నే పసుపు గుడ్డతో కారు అద్దాలు తుడుస్తూ, నాలుగు తలుపులూ బార్లా తెరిచి, అతను అదే జపాన్ పాట పెడతాడు. ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన ఒక జపాన్ కుర్రాడు బ్లూటూత్‌లో పంపిన పాట అది. మాటలు తెలియవు. దరువు మాత్రం కాళ్లను ఊరికే ఉండనివ్వదు. స్టీరింగ్ మీద ఉంగరం వేలితో కొడుతూ, నోటికి వచ్చిన ఒక్క మాట దగ్గర గొంతు కలుపుతాడు: "ఆమే... ఆమే..."

పుకారు కొత్వాల్‌గూడలో ఉన్న అతని భార్య బాలమణి దాకా పోయింది. బాలమణి బట్టల సంచి సర్దింది.

"ఆమె ఎవరో చెప్పు, లేకుంటే మా అన్న ఇంటికి పోత."

"పాటల ఉన్నది పాడిన. నాకేం ఎరుక?"

"ఎరుక లేకనే గంత మురుస్తున్నవా?"

మర్నాడు కారెక్కిన ఒక జపాన్ పెద్దాయనకు నర్సింగ్ పాట వినిపించి, 'ఆమే' వచ్చినప్పుడల్లా వేలెత్తి చూపాడు. ఆయన నవ్వి, వేళ్లను పైనుంచి కిందికి ఆడిస్తూ 'రెయిన్' అన్నాడు. సాయంత్రం నర్సింగ్ వాకిట్లో నిలబడి అచ్చం అలాగే వేళ్లు ఆడించాడు.

"వాన బాలమణీ. వాళ్ల భాషల వానను గట్లంటరట."

"వానకు గింత పాటనా?" అంటూ బాలమణి సంచి విప్పింది.

స్టాండులో ఇప్పటికీ జపాన్ ఆమె ముచ్చటే. ఇంట్లో మాత్రం మబ్బు పట్టగానే బాలమణి కేకేస్తుంది: "నీ ఆమె వస్తున్నది, జర దండెం మీది బట్టలు తియ్యి."