చెవిలోని రాళ్లు

ఆమె పేరు అడుగవలెనన్న తలంపైనా నాకు ఆనాడు కలుగలేదు. విద్యానగర్ నుండి తార్నాకకు విశ్వవిద్యాలయం మీదుగా పోయే బస్సులో, వృద్ధుణ్ణని జరిగి నాకు చోటిచ్చిన యువతి ఆమె. ఒడిలోని కాగితాలపై చెవి లోపలి భాగాల చిత్రాలున్నవి. అవేమిటని అడిగాను.

"మనిషి పడిపోకుండ ఎట్ల నిలబడ్తడో, దాని మీద రీసెర్చ్ చేస్తున్న సార్."

మా ఆవిడ పక్క మీద ఒత్తిగిలితే చాలు, తల గిర్రున తిరుగుతున్నదనీ, అది పైత్యమని నిశ్చయించి అల్లపురసం ఇస్తున్నాననీ చెప్పాను.

"పైత్యం కాకపోవచ్చు సార్. చెవి లోపల ఇసుకంత రాళ్లుంటయి. అవి జాగ తప్పి జారితే గట్లనే అయితది. తెలిసిన డాక్టరు తలను మెల్లగ తిప్పి సర్దుతడు," అంటూ అరచేతిని కొద్దిగా ఒరగదీసి చూపింది.

"చెవిలో రాళ్లేమిటమ్మా, అదేమైనా కంకర క్వారీయా?" అన్నాను. ముందు సీటువారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"పోయొస్త సార్. అమ్మను చూపియ్యుండ్రి మాత్రం," అని తార్నాకలో దిగిపోయింది.

ఆ చమత్కారాన్ని ఇంట చెప్పి మా ఆవిడనూ నవ్వించాను. అటుపై రెండేళ్లు ఆమె పడుకొనడానికి భయపడి, కుర్చీలో కూర్చునే నిద్రించింది.

తుదకు వంటింట తూలిపడి మణికట్టు విరిగినప్పుడు, వైద్యుడొకాయన ఆమె తలను అటూ ఇటూ త్రిప్పి, కొద్ది నిమిషాలలోనే ఆ తిరుగుడును మాన్పాడు.

"ఈ సంగతి ఇన్నాళ్లూ మీకెవరూ చెప్పలేదా అమ్మా?" అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదండీ," అన్నది మా ఆవిడ, నా వైపు చూడకుండా.