ఆమె చేతి తక్కెడ

ఆ రోజు సంతలో, అందరి ముందూ, నా భార్య చేతిలోంచి తక్కెడ లాక్కున్నాను. తప్పు నాదే. అప్పుడు మాత్రం ఆచారం నా పక్షాన ఉందనుకున్నాను.

మేము మైదానం నుంచి కొండల మీదికి వచ్చి డుంబ్రిగుడలో కొట్టు పెట్టుకున్నవాళ్ళం. నేను కొండవాళ్ళ దగ్గర వలిసె నూనెగింజలు, అల్లం కొనేవాణ్ణి. ఆమె ఉప్పు తూచేది. ముల్లు నిలిచేదాకా ఆగి, ఆపైన ఇంకో గుప్పెడు వేసేది. అందుకే కొండ ఆడవాళ్ళు నన్ను దాటుకుని ఆమె దగ్గరికే వెళ్ళేవారు. ముట్టు రోజుల్లో మాత్రం పెరటి పాకలో ఉండేది, తక్కెడ తాకేది కాదు. కొంతకాలంగా ఆ రోజులు లెక్క తప్పాయి. నెలలు గడిచినా రాకపోవడం, వస్తే వెంటవెంటనే రావడం. నోట్లోంచి పొగ వచ్చే చలిలో రగ్గు తన్నేసి తలుపు బార్లా తీసేది. నేను విసుక్కుని మూసేవాణ్ణి. ఏమైందని ఒక్కసారీ అడగలేదు.

ఆ ఉదయం బోణీ బేరం. ఒక ముసలామె ఉప్పుకి గుడ్డ పరిచింది. తక్కెడ ఎత్తిన నా భార్య నా చెవి దగ్గర మెల్లగా అంది.

"ఇప్పుడే వచ్చినట్టుంది. ఈవిడికి తూసేసి లేత్తాను."

నేను తక్కెడ లాక్కుని, పసుపు నీళ్ళతో పళ్ళేలు కడిగాను.

"ఏటి సావుకారూ, తక్కెడకి తానం సేయిత్తన్నావు? పెళ్ళేటి?" అంది ముసలామె. చుట్టూ నవ్వారు.

ఆ నవ్వు నా మీద పడకుండా, "ఈ వయసులో దీనికి బుర్ర పనిసెయ్యట్లేదు" అన్నాను.

నా భార్య లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం చూస్తే ఆమె పాకలో లేదు. మెడ మీద తడిగుడ్డ వేసుకుని గడపలో కూర్చుంది.

"ఇక్కడ కూకున్నావేటి?"

"ఆ పాకలో ఇంక కూకోను. మిషనాసుపత్రి నర్సమ్మకి సూపించుకున్నాను. ముట్లుడిగే ముందు ఇలాగే అవతాదంట, రోగం కాదంట. ఒళ్ళు ఆవిరి కక్కుతాది, నిద్దర పట్టదు. పల్సటి నూలు సీర కట్టుకో, పడుకున్నకాడ గాలి రానీ, కాఫీ తగ్గించు, రగతం మరీ ఎక్కువైతే ఆగకుండా రా అంది."

"నాకు సెప్పలేదే?"

"మీరడిగేరేటి? తలుపు మూసేరు."

"మరి ఆచారం?"

"ఎప్పుడొత్తాదో నాకే తెల్దు, మీ ఆచారానికి తెలుసేటి? తక్కెడ నా సేతికిత్తే సంతకొత్తాను. నేదంటే మీరే తూసుకోండి. బుర్ర పనిసేసేది మీదే కదా."

తరువాతి సంతకు ఒక్కణ్ణే వెళ్ళాను. ముసలామె ఖాళీ పీట వైపు చూసింది.

"వయసొచ్చిందని తోలేసేవా?"

నా ఉప్పు ముట్టకుండా పోయింది. నేను చేసింది అదేనని ఆ మాటతో తెలిసింది. ఇంటికి వచ్చి పెరటి పాక పీకేశాను. ఆమె పడుకునే చోట గోడ కొట్టి, ఆ పాక కర్రలతోనే కిటికీ పెట్టాను. పని అయ్యేదాకా ఆమె చూస్తూ నిలబడింది. మెచ్చుకోలేదు.

మళ్ళీ సంత రోజున గాలి తగిలే వైపు పీట వేసి, నీళ్ళకుండ పక్కన పెట్టి, తక్కెడ ఆమె చేతికిచ్చాను. పక్క కొట్టతను ఊరుకోలేదు.

"బావా, ఏ రోజు ఎలాగుంటాదో తెలీని మనిషి సేత బోణీయా?"

"ఔను. ఈ రోజే కాదు, పెతీ సంతకీ. మైల అంటుతాదనుకుంటే నీ తలుపు మూసుకో."

ముసలామె వచ్చి గుడ్డ పరిచింది. నేను ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"ఆ రోజు నేనన్నది తప్పు. మా ఆవిడ బుర్ర బాగానే ఉంది. లేనిది నాకు."

నా భార్య ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"అలా గొణిగితే ఎలాగండి? ఆ రోజు సంతంతా ఇన్నాది."

నేను నా పీట ఎక్కి నిలబడి, మళ్ళీ అన్నాను, గట్టిగా.