కానుగ బస్తాల చెమ్మ

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, నన్ను సికింద్రాబాదులోని ఒక ప్రభుత్వ వర్క్‌షాపుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. కానుగ గింజల నుంచి నూనె తీసి దానితో జనరేటరు నడపాలి, అదీ పని. ఈ నగరంలో డీజిలు చుక్క లేకుండా ఇంజను నడిపించిన మొట్టమొదటి మనిషిని నేనే.

ఎక్స్‌పెల్లర్ అంటే మరలు చెక్కిన ఇనుప ఇరుసు గొట్టంలో తిరిగే యంత్రం. ఎండిన గింజ పోస్తే నూనె కిందికి కారుతుంది, పిప్పి చెక్కగా చివరి నుంచి వస్తుంది. ఆ చివరనున్న కోను బిగిస్తే నూనె ఎక్కువ దిగుతుంది, మడ్డి కూడా ఎక్కువే. అందుకే నూనెను కొన్నాళ్లు డ్రమ్ముల్లో తేరనిచ్చి, గుడ్డలో వడగట్టాలి.

మిషను మీద మారేడ్‌పల్లి సామ్యేల్ ఉండేవాడు, మాట తక్కువ మనిషి. గింజలు తెచ్చేది నేరేడ్‌మెట్ యాదమ్మ. తన వాడకట్టు ఆడవాళ్లతో సైనిక్‌పురి రోడ్ల పక్కన రాలిన కాయలు ఏరించి, కొట్టించి, ఎండబెట్టించేది. పరీక్ష నెగ్గితే ఏటా ఆమె దగ్గరే కొంటామని మాటిచ్చాను.

"పక్కా గద సారూ? వీళ్లు ఇండ్లల్ల పాచిపని ఇడిసిపెట్టి నా ఎంబడి వచ్చిన్రు" అంది.

పరీక్ష చూడ్డానికి పెద్దాఫీసరు రేపు వస్తారనగా, నూనె చాలదని కోను బిగించమన్నాను. "మడ్డి వస్తది సార్" అన్నాడు సామ్యేల్. రానీ అన్నాను. నూనెను తేరనివ్వకుండానే ట్యాంకులో పోయించాను. ఆఫీసరుగారి చేతిలో టీ చల్లారకముందే ఫిల్టరు పూడుకుపోయి ఇంజను ఆగింది. ఆ నడిచిన కాసేపూ, నిజం చెప్పాలంటే, ట్యాంకులో సగం డీజిలే. పైన చెప్పుకున్న గొప్పను అంతమేరకు కొట్టేసుకోండి.

ఎందుకాగిందని ఆయన అందరి ముందూ అడిగారు. గింజ తడిదని నోరు జారాను. తడి గింజైతే చెక్క ముద్దలా వస్తుంది. మాది అప్పడంలా, మాడి వచ్చింది. ఆయనకు ఆ తేడా తెలియదు. తర్వాత ల్యాబుకు పంపిన బస్తాల్లోనూ చెమ్మ తేలడంతో నా మాటే రిపోర్టయింది. కొనుగోలు ఆపేశారు.

యాదమ్మ వచ్చి, కొంగు ముడి విప్పి, నా అరచేతిలో ఒక గింజ పెట్టింది. "కొరికి సూడు సారూ. కటుక్కుమనకుంటే నన్నడుగు."

ఎండిందో లేదో వాళ్లు పంటితోనే చూస్తారు. కటుక్కుమంటుందని తెలుసు కనుకే నేను కొరకలేదు.

"మళ్ల పాచిపనికి రానిస్తరో లేదో" అనుకుంటూ ఖాళీ గోనెలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఉదంతం నేర్పింది ఇంతే. యంత్రం ఆగితే తప్పు, బదులు రాయలేని మనిషి మీదికి పోతుంది. నేను పోనిచ్చాను.

అచ్చుకు ఇచ్చేముందు ఇది సామ్యేల్‌కు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"ఆఫీసర్ ఏం అడగలే సార్. కప్పు పెట్టి జీపెక్కిండు. ఆయన పోయినంక మీరే నన్ను పిలిచి, ల్యాబుకు పోయే బస్తాల మీద నీళ్లు చల్లమన్నరు. చల్లింది నేను. అది సుత రాయుండ్రి."