గేదె ఎవరికి చేపింది

రిటైర్‌మెంటుకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను చల్లపల్లి దగ్గర ఒక పల్లెటూరి పశువుల ఆస్పత్రికి వేశారు. హోదా పశువైద్యాధికారి. నా కింద ఒక కాంపౌండరు, తాళం సరిగా పడని మందుల బీరువా.

చేరిన వారానికే సుబ్బారావు గారనే రైతు వచ్చారు. ఆయన భార్య నాగమణి ఆపరేషన్‌కని విజయవాడ వెళ్లిన దగ్గర్నుంచీ గేదె చేపడం లేదట. పొదుగులోని పాలు చన్నుల్లోకి దిగడాన్ని చేపడం అంటారు. మనసు కుదుటపడితేనే పశువు చేపుతుంది. "సూదెయ్యండి మేడం గారూ. లేకపోతే సాయంత్రం బేరగాడికి తోలేస్తానండి," అన్నారు. హార్మోను సూది అలవాటు చేయడం తప్పు. వేయనన్నాను. పాలు నిలిచి పొదుగు వాస్తే గేదె పనికిరాకుండా పోతుందన్నదీ నిజమే.

ఆయన వెంట వాళ్ల పశువుల పాకలోకి వెళ్లి నవ్వాపుకోలేకపోయాను. ఇల్లాలు ఊళ్లో లేనప్పుడు ఆమె చీర చుట్టుకుని, ఎవరూ చూడకుండా పితకడం మా వైపు మగవాళ్లకు మామూలే. ఈయన ఆ చీరను కొత్తగా కొన్న పాల మిషనుకు చుట్టారు! "దానికైతే సిగ్గుండదు కదండీ," అన్నారు.

చీర విప్పించి ఆయనకే చుట్టించాను. అయినా గేదె కాలు విదిలించింది. నాగమణికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. ఆవిడ మొగుణ్ణి పలకరించనైనా లేదు. "ఏమ్మా రాణీ, తిన్నావా? వచ్చేస్తాగా," అంటూ గేదెతో కబుర్లలో పడింది. ఆ మాటలు వినిపిస్తుండగా సుబ్బారావు గారు గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగారు. చన్నులు బిగిశాయి. మిషను తగిలించగానే గొట్టంలో పాలు పారాయి. పాలొచ్చాయని చెప్పగానే ఫోన్లో నాగమణి ఏడ్చేసింది. నాకూ ఎంతో సంతోషమైంది.

నా కోడలు కాలేజీలో స్త్రీవాదం చెబుతుంది. మనిషికీ పశువుకూ యంత్రానికీ మధ్య గీతలు, ఆడా మగా గీతతో సహా, మనం గీసుకున్నవేనని ఇప్పుడు కొందరు వాదిస్తున్నారట. నిజమే కావచ్చు. ఆ పూట పాలు పితికింది ఎవరంటే నేనూ చెప్పలేను. గీతలు చెరిపితే చెరపండి గానీ, ఆ చాకిరీ ఎవరిదో చెరపొద్దంటుంది మా కోడలు.

సుబ్బారావు గారు అమ్మకం మానుకుని గేదెకు ఇన్సూరెన్స్ చేయిస్తానన్నారు. పశువును పరీక్షించి, యజమాని పేరు సహా ఆ కాగితం నింపాల్సింది మేమే. అలవాటుగా ఆయన పేరు రాయబోయాను. ఆయన ఇంకా చీరలోనే ఉన్నారు.

"ఆవిడ పేరు రాయండి మేడం గారూ. నన్ను ఆవిడనుకునేగా ఇది ఊరుకుంది."

ముప్పయ్యేళ్లుగా, ఆడదాన్నై ఉండీ, ఆ గడిలో అడక్కుండానే మగవాళ్ల పేర్లు రాశాను. ఆ తర్వాత సర్వీసున్నంత కాలం, ఈ పశువు ఎవరికి చేపుతుందని అడిగాకే కలం తీశాను. చాలాసార్లు మగవాళ్లే లోపలికి కేకేసి భార్యను పిలిచారు.